ఇంటిలో స్వేదగృహము: పరారుణ తాపకముల యెంపిక, అమరిక

చెమట పట్టించుట మన యిండ్లకు క్రొత్త విద్య కాదు. పురిటిగదిలో బాలింత మంచము క్రింద కుంపటి నుంచుట, వావిలాకు వేసి కాచిన నీళ్లు పోయుట, నడుము పట్టినప్పుడు ఉప్పుమూట వేడిచేసి కాపడము పెట్టుట, పడిశము పట్టినప్పుడు దుప్పటి ముసుగిడి ఆవిరి పట్టించుట, ఇవి యెరుగని గృహిణి కృష్ణాతీరమున నుండదు. ఈ పనులకు శాస్త్రమునందు పేరులు గలవని మాత్రము పలువురెరుగరు. చరకసంహిత సూత్రస్థానమున 14వ అధ్యాయమునకు స్వేదాధ్యాయమని పేరు. నిప్పు సాయమున చేయదగిన స్వేదములు 13 అనియు, నిప్పు లేకయే కలుగునవి 10 అనియు అందు చెప్పబడినవి. మూటకట్టి కాచుట సంకరస్వేదము. గొట్టము ద్వారా ఆవిరిని పంపుట నాడీస్వేదము. పొగ విడిచిన పేడపిడకల నిప్పును మంచము క్రింద నుంచుట హోలాకస్వేదము. మన ముత్తవలు గ్రంథము చూడకయే చేయుచు వచ్చిన పని యిదియే. ఇక నిప్పు లేని పదియు నేవన: వ్యాయామము, వెచ్చని యిల్లు, బరువైన కప్పు, ఆకలి, అధికపానము, భయము, కోపము, పట్టు వేయుట, యుద్ధము, ఎండ. సంసారము చేయు స్త్రీలకు వీనిలో మూడు నాలుగు అనుదినము అప్రయత్నముగనే సిద్ధించుచున్నవి గనుక వానిని గూర్చి వ్రాయ నక్కరలేదు. చివరిదగు ఎండను గూర్చియే నేడు కొంత చెప్పవలసి యున్నది. ఏలయన, విద్యుచ్ఛక్తితో ఆ యెండను గదిలోనికి దెచ్చుకొను సాధనము లిప్పుడు మన పట్టణములందును, పల్లెలందును గూడ ప్రవేశించుచున్నవి. వానినే పరారుణ తాపకములు, ఇన్‌ఫ్రారెడ్ హీటర్లు, అందురు. వానిని చిన్న కొయ్యగదిలో నమర్చి ఇంటి సౌనా యని వ్యవహరించుచున్నారు.

మా కూచిపూడిలో నీ ప్రసక్తి తరచుగా వచ్చుటకు కారణము గలదు. ఇచ్చట నాట్యము నేర్చు పిల్లలు అరమండిలో నిలిచి గంటలకొలది అడుగులు వేయుదురు. తరంగమున పళ్లెపు అంచులపై పాదము లానించి నడచునపుడు పిక్కలును మడమలును ఎంత బిగియునో చూచువారికి తెలియదు. రాత్రి కాళ్లు పిసుకు తల్లులకు తెలియును. ఈ కళను నేర్చి అమెరికా మున్నగు దేశములందు స్థిరపడినవారును పెక్కుమంది. అక్కడ అలవడిన సౌకర్యమును ఇక్కడి తల్లిదండ్రులకు గూడ కూర్పవలెనని సంతానమునకు ముచ్చట కలుగుట సహజము. ముచ్చట మంచిదే. అయితే కొయ్యపెట్టెకు కరెంటు తగిలించి అందు మనుష్యుని కూర్చుండబెట్టుట అప్పడములు వేయించినంత సులభమైన పని కాదు.

మొదట, సౌనా యన నేమి? ఫిన్లాండు దేశమున నది యింటింటి స్నానాగారము. సుమారు 55 లక్షల జనముగల యా దేశమున దాదాపు 30 లక్షల సౌనాలు గలవందురు. వారి సౌనా సంస్కృతిని యునెస్కో 2020లో మానవజాతి సాంస్కృతిక సంపదల పట్టికలో చేర్చినది. అందు రాళ్లను బాగుగా కాచి, వానిపై నీళ్లు చిలుకరించి, గదిలోని గాలిని 70 మొదలు 100 డిగ్రీల వరకు వేడిచేయుదురు. చుట్టును మంచు గడ్డకట్టు దేశమునకది తగును. పరారుణ గది మార్గము వేరు. అందు గాలి 45 మొదలు 60 డిగ్రీల నడుమనే యుండును. వేడి గాలినుండి కాక, తిన్నగా కిరణరూపమున దేహమునకు తగులును. మన ప్రకృతిచికిత్సాలయములందు తల మాత్రము వెలుపల నుంచి, దేహమును పెట్టెలో నుంచి ఆవిరి పట్టించు పద్ధతి మూడవది. ఈ మూటిని కలగాపులగము చేసి మాటలాడుట అంగడివారికి లాభము, కొనువారికి నష్టము.

కిరణరూపమున వేడి తగులుట యెట్టిదో తెలియవలెనన్న పుష్యమాసపు టుదయమున వాకిట నిలుచుండిన చాలును. గాలి చల్లగనే యుండును, వీపు మాత్రము వెచ్చనగును. మబ్బు అడ్డము రాగానే, గాలి మారకయే, ఆ వెచ్చదనము పోవును. 1800వ సంవత్సరమున ఇంగ్లండులో విలియం హెర్షెల్ అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని పట్టకముచే రంగులుగా విడదీసి, ఒక్కొక్క రంగునందు ఉష్ణమాపకము నుంచి చూచుచుండగా, ఎరుపునకు ఆవల, కంటి కేమియు కానరాని చోట, పాదరసము మరింత పైకెక్కెను. ఎరుపునకు ఆవలివి గనుకనే యవి పరారుణములు. వీనిలో భయపడవలసిన విశేష మేమియు లేదు. మన పొయ్యి, మన యిటుకగోడ, తుదకు మన దేహము గూడ ఈ కిరణములనే యెల్లప్పుడు వెలువరించుచున్నవి. వస్తువు ఎంత యెక్కువ కాలినదైన దాని కిరణముల తరంగము లంత పొట్టివగును. తక్కువ వేడిదైన పొడుగువగును. ఈ యొక్క సంగతి తెలిసినచో అంగడిలోని తాపకములలో భేదము తానే తెలియును.

అవి ముఖ్యముగా మూడు తెగలు. మొదటిది ఎర్రగా వెలుగు బల్బులును, క్వార్ట్జు గొట్టములును. వీని తీగె మిక్కిలి కాలును గనుక కిరణములు పొట్టివి, సమీప పరారుణములు. అమెరికాలో బాటిల్‌క్రీక్ ఆరోగ్యశాలయందు కెల్లాగ్ వైద్యుడు 1890 ప్రాంతములందే విద్యుద్దీపముల స్నానపేటికను నిర్మించినాడు. ఈ తెగ యంత పాతది. మన ప్రాంతమున కోళ్లఫారములలో చిన్న కోడిపిల్లలకు వెచ్చదన మిచ్చుటకు వ్రేలాడదీయు 250 వాట్ల ఎర్రబల్బు నిదే జాతి. ఇది వెంటనే వేడెక్కును, వెల తక్కువ. కాని కంటికి మిరుమిట్లు గొలుపును. చెమటచుక్కయో నీటిచుక్కయో పడిన గాజు పగులును. కోడిపిల్లలకు చాలినది మనకును చాలునని చవుకగా రెండు బల్బులు తెచ్చి తలుపు మూసికొని కూర్చుండువారున్నారట. అట్టి పని చేయరాదు. రెండవది పింగాణి తాపకము. కడ్డీరూపమునను పలకరూపమునను దొరకును. ఉపరితలము బాగుగా కాలును, ఘాటైన వేడి నిచ్చును. దానికిని దేహమునకును నడుమ జానెడు దూరమైన నుండవలెను. తాకకుండ కొయ్యకమ్ముల తడిక తప్పనిసరి. మూడవది కార్బను పలక. వెడల్పైన పలక యంతటను వేడి పరచుకొనును గనుక ఏయొక్క చోటను చురుక్కు మనదు. కాగుటకు కొంత యాలస్యమగును. గృహములందు, అందును వృద్ధులును పిల్లలును మసలు చోట, నా యభిప్రాయమున కార్బను పలకయే మేలు.

ఇక ప్రకటనలలోని మాటలు. దూరపరారుణ కిరణములు చర్మమును దాటి అంగుళమున్నర లోతునకు దూరి కండరములను లోనుండి కాచునని కొందరు వ్రాయుచున్నారు. అది నిజము కాదు. మన చర్మమున నీరున్నది. ఆ నీరు ఈ కిరణములను మిల్లీమీటరులో స్వల్పభాగముననే పీల్చివేయును. సమీప పరారుణము కొలది మిల్లీమీటర్లు మాత్రము లోనికి పోగలదు. చర్మమున పట్టిన వేడిని లోపలికి మోసికొని పోవునది రక్తము. కనుక పలకపై నెంత గొప్ప పేరు చెక్కినను జరుగు పని యదియే. చెమటద్వారా దేహములోని విషము లన్నియు కడుగుకొని పోవుననుటయు నట్టిదే. చెమట చాలవరకు నీరును ఉప్పును. మాలిన్యమును వడియగట్టు పని కాలేయమునకును మూత్రపిండములకును విధియింపబడినది. గదినుండి వచ్చి తూగిన బరువు తగ్గియుండును, రెండు గ్లాసులు మజ్జిగ త్రాగిన మరల వచ్చును.

అయిన నిందు గుణమే లేదా? ఉన్నది. బిగిసిన కండరములు సడలును, కీళ్ల పట్టు కొంత వదలును, నిద్ర చక్కగా పట్టును. ఫిన్లాండులో నడివయస్సు పురుషులు 2,315 మందిని అనేక వత్సరములు పరిశీలించి 2015లో ప్రకటించిన పరిశోధనయందు, వారమునకు నాలుగు మొదలు ఏడు పర్యాయములు సౌనా చేయువారిలో గుండెజబ్బు మరణములు తక్కువగా కనబడినవి. కాని యది వారి వేడి సౌనా విషయము, పురుషుల విషయము. సౌనావలననే ఆరోగ్యము కలిగినదో, ఆరోగ్యవంతులే తరచుగా సౌనా చేసిరో యట్టి పరిశీలనవలన తేలదు. పరారుణ గదికి దగ్గరగా నున్నది జపానువారి వాఓన్ చికిత్స. 60 డిగ్రీల గదిలో 15 నిమిషములు కూర్చుండబెట్టి, పిమ్మట 30 నిమిషములు దుప్పట్లు కప్పి పడుకొనబెట్టుదురు. అక్కడి వైద్యులు దానిని గుండె బలహీనులకు గూడ చేయుచున్నారు. అయితే ప్రక్కన వైద్యుడుండును, మన యింట నుండడు.

ఇప్పుడు గది మాట. ప్రాచీనులు దీనిని గూర్చి చెప్పినంత స్పష్టముగా నేటి వెలపట్టికలు చెప్పుట లేదు. పదుమూడింటిలో జేంతాకస్వేదమనునది సౌనాకు అన్నగారు. నీటియొడ్డున, మంచి నేలయందు, పదునారు మూరల యెత్తును వెడల్పును గల గుండ్రని యిల్లు. గాలికి అనేక గవాక్షములు. గోడ చుట్టును మూరెడు తిన్నె. నడుమ సన్నని రంధ్రములు గల మూతతో మట్టిపొయ్యి. అందు చండ్ర మొదలగు కట్టెలు కాల్చి, పొగ యంతయు పోయి వేడిమి మాత్రము నిలిచిన పిమ్మట లోనికి పోవలెను. లోనికి పోవువానికి వైద్యుడు చెప్పవలసిన హెచ్చరిక యొకటి యున్నది. చెమటచే సోలిపోవుచున్నను తిన్నెను విడువవద్దు, విడిచిన ద్వారమెక్కడనో కానక అచటనే ప్రాణములు పోవును, తిన్నెనే పట్టుకొని ద్వారమునకు రమ్ము అని. రెండువేల యేండ్లనాటి యీ హెచ్చరికయే నేటి స్వేదగృహమునకు మొదటి నియమము: తలుపు. అది బయటికి తెరచుకొనవలెను. లోపలను వెలుపలను గూడ గొళ్లెముగాని గడియగాని యుండరాదు. అయస్కాంతపు బిళ్లతో మాత్రమే మూసికొనవలెను, భుజముతో నొత్తిన తెరచుకొనవలెను. లోపలివారి ముఖము వెలుపలివారికి కనబడునట్లు అద్దము పలక యుండవలెను. కరెంటు పోయినపుడు చీకటిలో తడవుకొనకుండ బ్యాటరీదీప మొకటి వెలుపల వెలుగవలెను.

మా వీధిలోనే యొక యింట జరిగిన సంగతి యిచ్చట చెప్పుట యుపయోగము. ఆ యింటి యిల్లాలు ఆరుపదులు దాటినది. చిన్ననాట నాట్యమాడిన మోకాళ్లు ఇప్పుడు మెట్టెక్కనీయవు. అమెరికాలో నున్న కుమారుడు ప్రేమతో డబ్బు పంపి పరారుణ గదిని తెప్పించినాడు. బిగించుటకు వచ్చిన పనివాడు వంటింటి గోడయందు మిక్సీకి నుంచిన చిన్న ప్లగ్గులోనే దీని తీగెను గుచ్చబోయెను. మా వారు బడినుండి వచ్చుచు చూచి, అది 6 ఆంపియర్ల ప్లగ్గని, దీనికి చాలదని యాపిరి. 1500 వాట్లను 230 వోల్టులచే భాగించిన 6.5 ఆంపియర్లగును గదా; ఎనిమిదవ తరగతి లెక్క. అది యొక సంగతి. అంతకు మించిన సంగతి మరియొకటి గలదు. ఆమెకు చక్కెరవ్యాధి వచ్చి చాలకాలమైనది. రాత్రివేళ కాలికి చీమలు పట్టినను తెలియుట లేదని ఆమెయే నవ్వుచు చెప్పుచుండును. గదియందు పాదముల క్రింద నొక తాపకము, పిక్కల వెనుక నొకటి యున్నవి. నేను పోయి, ‘పిన్నిగారూ, మీ పాదములకు వేడి తెలియునా?’ యని యడిగితిని. ‘వేడినీళ్లు పోసికొనునపుడు చేతితో చూచుకొని పోసికొందునమ్మా, కాలికి తెలియదు’ అని యామె చెప్పినది. తెలియని కాలు కాలినను తెలియదు; చక్కెర గలవారి కాలికి బొబ్బ లేచినచో నది యెంతదాక పోవునో వేరుగ చెప్పనక్కరలేదు. వారి వైద్యునికి చూపింపగా, పాదతాపకమును పిక్కతాపకమును తీయింపుడు, కాళ్లను మందపు తువాలుతో కప్పుడు, పది నిమిషములు మించవద్దు, కోడలు వెలుపల కూర్చుండవలెను అని నిర్ణయించినాడు. అమ్మిన యంగడివారు ఈ ప్రశ్న యడుగనే లేదు. కొనువారి కుమారుడు వేలమైళ్ల దూరమున నుండి యడుగ లేడు. కాబట్టి యింటిలోని స్త్రీలే యడుగవలెను.

తాపకముల స్థానము దాని వెలకన్న ముఖ్యము. ఒకరు కూర్చుండు గదికి మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోతు, ఆరుంబావు అడుగుల యెత్తు చాలును. ఇంతటి దానికి 1200 మొదలు 1600 వాట్ల వరకు పట్టును. 1500 వాట్లను పంచు విధ మొకటి చెప్పెదను: వీపు వెనుక 300 వాట్లవి రెండు, ఇరుప్రక్కల 250 వాట్లవి రెండు, పిక్కల వెనుక బల్ల క్రింద 250, పాదముల క్రింద 150. వీపు పలకలు మెడకు దిగువనే ముగియవలెను. తలపైన తాపక ముండరాదు. ముఖమున కెదురుగ నుండరాదు. ముందువైపున పెట్టదలచిన తలుపునకు ఇరుప్రక్కల రొమ్మునకు దిగువన పెట్టవలెను. చరకుడు గుండె, కన్నులు, వృషణములు అను మూడింటిని వేడినుండి కాపాడవలెనన్నాడు. కన్నులకు శుభ్రమైన గుడ్డయో తామరరేకులో, గుండెకు చల్లని ముత్యాలసరములో తగిలింపుమన్నాడు. ముత్యములు లేకున్న చన్నీటి గుడ్డ చాలును. మూడవదాని విషయమున నేటి వైద్యులును ఏకీభవించుచున్నారు. తరచుగా సౌనాలో కూర్చుండు పురుషులకు వీర్యబలము కొంతకాలము తగ్గునని కనుగొన్నారు. సంతానము కోరు దంపతులు ఎరిగియుండవలెను. పలకలను బిగించిన పిమ్మట, దేహము తగులు చోట చేతి వెనుకభాగము నుంచి నిమిషము సేపు చూచిన, ఎక్కడ చురుక్కుమనునో తెలిసిపోవును. గది వేడిని కొలుచు మీట తలయెత్తున, తాపకపు కిరణము సూటిగా తగులని చోట నుండవలెను. కాదేని అది తప్పుడు లెక్క చెప్పును. అరగంటలో తానే యారిపోవు గడియారపు మీట లేని గదిని కొనవలదు.

కరెంటుపని విషయమున పొదుపు చూపరాదు. ఈ గదికి మీటరు పెట్టెనుండి ప్రత్యేకమైన తీగె రావలెను, 2.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గని రాగితీగె, 16 ఆంపియర్ల ప్లగ్గు, దానికొక ఎం.సి.బి. వలయును. వీనితోపాటు 30 మిల్లీ ఆంపియర్లకే ఆగిపోవు ఆర్.సి.సి.బి. యనునది తప్పక యుండవలెను. చెమటతో తడిసిన దేహమునకు కరెంటు తగిలినచో ఎం.సి.బి. కాపాడదు, ఆర్.సి.సి.బి. కాపాడును. ఎర్తు గుంటలో ఉప్పు బొగ్గులు పోసి పూడ్చుట మన వాడుకయే. ఎండలకు నేల బీటలువారినపుడు దానిలో రెండు బిందెల నీళ్లు పోయుట మరువరాదు. గదిలోపల నడుచు తీగెలకు సాధారణపు ప్లాస్టిక్ తొడుగు పనికిరాదు, వేడికి నిలుచు సిలికాను తొడుగు కావలెను. అమెరికాలో 120 వోల్టులకు చేసిన తాపకమును ఇక్కడి 230 వోల్టులకు తగిలింపరాదు. బంధువులు పెట్టెలో పెట్టి తెచ్చినదైనను సరే. మన పల్లెలలో వోల్టేజి పడిపోవుట గలదు. 200 వోల్టులే వచ్చినపుడు 1500 వాట్ల తాపకము నాలుగింట మూడువంతుల పనియే చేయును. గది కాగలేదని యప్పుడు మరికొన్ని తాపకములు చేర్చినచో, వోల్టేజి నిండుగా వచ్చిననాడు చిక్కు వచ్చును. ఖర్చు భయపడదగినది కాదు. కాగుటకును కూర్చుండుటకును కలిపి ముప్పాతిక గంట పట్టినను సుమారు 1.1 యూనిట్లే యగును.

కొయ్య విషయము. విదేశపు గదులు హెమ్లాక్, సీడారు కొయ్యలతో వచ్చును. ఇక్కడ వడ్రంగిచే చేయించువారు బాగుగా ఆరిన టేకు వాడవచ్చును. వార్నీషు, రంగు లోపల పూయరాదు. చవుక ప్లైవుడ్డు వలదు, దాని జిగురు వేడికి ఘాటైన ఆవిరి విడుచును. గోడ వెనుక వేడి పోకుండుటకు అల్యూమినియపు రేకును రాతిదూదిని వాడవలెను గాని థర్మోకోలు వాడరాదు, అది కరగును. నల్లరేగడి నేలలందు చెదలు సహజము గనుక గదిని నేలకు తగులనీయక ఇటుకలపై నిలుపుట మేలు. వరదనీటి మాటయు తలపవలెను. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలో వేలయిండ్లను ముంచిన సంగతి యెల్లరకు తెలిసినదే. పల్లపు చోట్ల నున్నవారు ప్లగ్గును నడుమెత్తునకు పైన పెట్టించుట, వీలైన మేడమీదనే గది నమర్చుట మంచిది. స్నానపుగదిలో మాత్రము ఎవ్వరును పెట్టరాదు. పరారుణ తాపకముపై, రాళ్లసౌనా యనుకొని, నీళ్లు చిలుకరింపరాదు.

వాడుక. గదిని 15 నిమిషములు కాగనిచ్చి, మొదటివారము 10 నిమిషములు, తరువాత 20 వరకు కూర్చుండవచ్చును. ముందు ఒక గ్లాసు నీళ్లు, తరువాత చిటికెడుప్పు వేసిన మజ్జిగ. చెమటకు ముందు నూనె పట్టించుట శాస్త్రోక్తమే. అయితే నూనెకారు దేహముతో పోయి బల్లపై కూర్చుండిన కొయ్య జిడ్డగును, తాపకముపై చుక్క పడిన పొగ లేచును. పలుచగా రాచుకొని, తుడుచుకొని, మందపు నూలు తువాలు పరచుకొనవలెను. నైలాను చీరెలు వలదు. బంగారపు గొలుసులు, పట్టెడలు, కాళ్ల పట్టీలు కిరణములకు కాలి చర్మమును చురుక్కుమనిపించును. మంగళసూత్రములు తీయుటకు మనసొప్పదు గదా. నానుతాడు విడిచి పసుపుతాడున గ్రుచ్చుకొని, బిళ్లల క్రింద గుడ్డ యుంచుకొనిన సరిపోవును. ఎప్పుడు లేవవలెను? చలియు నొప్పియు తగ్గి, బిగువు సడలి, చెమట చక్కగా పట్టినంతనే యని చరకుడు. గడియారముకన్న నీ గురుతులే నమ్మదగినవి. దప్పిక, మంట, తల తిరుగుట, నీరసము కనబడిన నది యతిస్వేదము. వెంటనే వెలికివచ్చి పడుకొని, వేసవియందువలె చల్లని, తీయని పదార్థములు పుచ్చుకొనవలెను. వచ్చినంతనే చన్నీళ్లు గ్రుమ్మరించుకొనుట వలదు. కొంత విశ్రమించి గోరువెచ్చని నీట స్నానము చేయుట పద్ధతి. నాట్యమాడు పిల్లలు బెణికిన చీలమండతో గాని, వాచిన మోకాలితో గాని యీ గదికి పోరాదు. అప్పుడు కావలసినది చల్లదనము, వేడి కాదు.

గర్భిణులు కూర్చుండరాదు. ఇది చరకుడును చెప్పినాడు, నేటి వైద్యులును చెప్పుచున్నారు; తొలినెలలలో తల్లి దేహపు వేడి మించిన శిశువు వెన్నుమెదడులకు కీడు కలుగును. నెల తప్పినదేమో యను సందేహమున్న కోడలిని కూర్చుండుమని యెవ్వరును బలవంతపెట్టరాదు, ఆమె చెప్పుకొనలేదు గనుక అత్తగారే గ్రహింపవలెను. జ్వరము గలవారు, క్రొత్తగా గుండెపోటు వచ్చినవారు, రక్తపుపోటు తక్కువగువారు, మూత్రము జారీచేయు మాత్రలు వాడువారు, మద్యము పుచ్చుకొనినవారు దూరముగ నుండవలెను. మందుపట్టీలు దేహమునకు అంటించుకొనినవారు వైద్యునడుగక పోరాదు. వేడికి మందు త్వరగా లోని కెక్కును. చిన్నపిల్లలను దీపము చూపి యాడించుటకు గూడ లోనికి కొనిపోవలదు. దినదినము ఒకేచోట వేడి తగులనిచ్చిన చర్మముపై వలవంటి గోధుమరంగు మచ్చలు లేచును. కుంపటి యొడిలో నుంచుకొను చలిదేశపు ముదుసళ్లలో వైద్యులు చూచినవే.

ఇంత వ్యయముచేసి యీ గది అందరికిని కావలెనా? కానక్కరలేదు. ఒక్క మోకాలి నొప్పికి ఉప్పుమూట చాలును, దాని వెల రూపాయలలో లెక్కింపనక్కరలేదు. ఇంటిలో నలుగురైదుగురు దినమును శ్రమించు దేహములు గలవారికి, నాట్యశాలలు నడుపువారికి, కీళ్ల పట్టుతో బాధపడు వృద్ధులు గల సంపన్నగృహములకు ఇది యుపయోగము. కుంపటికన్న నొక్క విషయమున నిది నిస్సందేహముగ మేలు. మూసిన గదిలో బొగ్గులకుంపటి విడుచు విషవాయువునకు వాసనయు రంగును లేవు. పురిటిగదులలో నెందరు తల్లులు నిద్రలోనే కన్నుమూసిరో లెక్కించినవారు లేరు. విద్యుత్తాపకమున నా భయము లేదు.

మన సీమలో దీనికి కాలము కార్తికము మొదలు మాఘము వరకే. మే నెలలో 40 డిగ్రీలు దాటిన యెండలో, రోహిణికార్తెలో, వెలుపలి గాలి తేమతో బరువెక్కి చెమట యారక యున్నపుడు, మరల చెమట పట్టించుకొనుటకు గదిలోనికి పోవుట ప్రాణముతో నాటలాడుట. శివరాత్రికి చలి శివశివా యని పోయినంతనే ప్లగ్గు ఊడదీసి, ఎం.సి.బి. దించి, బల్లను సున్నితముగ తడిగుడ్డతో తుడిచి యెండనిచ్చి, మూలల వేపాకు వేసి తలుపు ఓరగా నుంచవలెను. మరల కార్తికమున తెరచునపుడు, కరెంటు తగిలింపకమునుపే, బల్ల క్రింద దీపము పెట్టి తీగెలను చూడుడు. వరికోతలప్పుడు ఎలుకలు పొలము విడిచి యిండ్లకు వచ్చును. సిలికాను తొడుగు వానికి మిక్కిలి యిష్టము.